కారులో కచేరీకి శ్రుతి

తంబురా శ్రుతి కలవనిదే ఎంతటి విద్వాంసుడైనా పాట ఎత్తుకోడు. కాని వేలకు వేలు పోసి కారులో వేరే ఆంప్లిఫయరు పెట్టించుకున్న పెద్దమనిషి మాత్రం, కొట్టువారు ఏ మర ఎక్కడ తిప్పి వదిలితే దానితోనే తృప్తిపడి ఇంటికి వచ్చేస్తాడు. వీణకు బిరడాలు ఉన్నట్టే ఆంప్లిఫయరుకూ చిన్న చిన్న మరలు ఉన్నాయి. తెలిసి తిప్పుకుంటే ఉన్న సరంజామాయే ఇంపుగా పాడుతుంది. తెలియక తిప్పితే స్పీకరూ పోతుంది, చెవీ పోతుంది.

నేను ఈ పనికి కొట్టు తెరిచినవాణ్ణి కాను. సరదాకొద్దీ నేర్చుకుని, బంధుమిత్రుల కార్లలో చేసిపెడుతూ వచ్చినవాణ్ణి. ఆ అనుభవంలో తేలిన నాలుగు మాటలు ఇక్కడ చెబుతాను.

కారులో సంగీతం కొత్త సంగతేమీ కాదు. 1930లోనే అమెరికాలో గాల్విన్ సోదరులు కారు రేడియోను అమ్మకానికి పెట్టి, ‘మోటారు’ అన్న మాటను కలిపి దానికి మోటరోలా అని పేరు పెట్టారు. ఇంజను రొద పాటలో దూరకుండా చూడడం ఆనాడు వారికి పెద్ద తలనొప్పి. ఈనాడు మనకూ అది పూర్తిగా వదలలేదు!

వాట్ల మాయ

పెట్టె మీద ‘1000 వాట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దానికి మురిసిపోకండి. ఆంప్లిఫయరు ఫ్యూజు చూడండి. 25 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నదనుకుందాం. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు వస్తాయి. రెండూ హెచ్చవేస్తే 350 వాట్లు. లోపలికి వెళ్ళేదే 350 అయినప్పుడు బయటికి 1000 ఎక్కడినుంచి వస్తుంది? అందుచేత ‘ఆర్.ఎం.ఎస్.’ అని పక్కన చిన్నగా వేసిన అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకోవాలి.

మరో రహస్యం. వాట్లు రెట్టింపయితే ధ్వని పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. యాభై వాట్లు తీసి వంద పెట్టించినవారి డబ్బుకు ఎంత ఫలం దక్కిందో మీరే ఊహించవచ్చు.

అసలు చిక్కు

అన్ని మరలలోకీ అపార్థానికి గురి అయినది ‘గెయిన్’. దాన్ని అందరూ మోత పెంచే మర అనుకుంటారు. అది మోతకు కాదు, పొత్తుకు. ముందున్న స్టీరియో పంపే సంకేతానికీ, ఆంప్లిఫయరు శక్తికీ జత కుదర్చడమే దాని పని. అవసరానికి మించి తిప్పితే ధ్వని తరంగం శిఖరాలు కత్తితో కోసినట్టు చదునైపోతాయి. ఆ చదును శబ్దంలో కీచుతనం పుడుతుంది, స్పీకరు తీగచుట్ట వేడెక్కుతుంది. ముందు బలయ్యేది సన్నని స్వరాలు పలికే చిన్న ట్వీటర్లు.

మా మేనల్లుడి కారులో మూడు నెలల్లో రెండు జతల ట్వీటర్లు మాడిపోయాయి. “స్పీకర్లు నాసి సరుకండీ, ఇంకా పెద్దవి వేయించండి” అన్నారట బిగించినవారు. మీటరు పెట్టి చూద్దును గదా, 17 వోల్టులు మించరాని చోట 21 దాటింది! తగ్గించాను. “అదేమిటి మామయ్యా, మోతంతా పోయిందే!” అని మొహం ముడుచుకున్నాడు. వెనకసీట్లోంచి మా అక్కయ్య, “ఇన్నాళ్ళకు పాటలో మాట వినిపించిందిరా” అన్నది. ఆ తరువాత ట్వీటర్లు మాడలేదు.

చేసే పద్ధతి

మొదట బాటరీ ఋణధ్రువం తీగ విప్పి, అమరిక చూడండి. బాటరీ నుంచి వచ్చే తీగకు 45 సెంటీమీటర్ల లోపుగా ఫ్యూజు ఉండాలి. అది లేకపోతే తీగ ఒరుసుకున్న రోజున కారుకే నిప్పు. ఎర్తు తీగ పొట్టిగా ఉండి, రంగు గీకిన ఇనుము మీద బిగియాలి. ఇంజను వేగంతోపాటు హెచ్చే ఈల వినిపిస్తే ముందు అనుమానించవలసినది ఈ ఎర్తునే. సంకేతం తీగలు ఒక పక్కనుంచీ, కరెంటు తీగ మరో పక్కనుంచీ పోవాలి.

అమరిక సరిగా ఉంటే బాటరీ తీగ తిరిగి బిగించండి. స్టీరియోలో బాస్, ట్రెబుల్ సున్నాకు తెచ్చి, ‘బాస్ బూస్ట్’ ఆపి, ఫిల్టర్లు కూడా తీసివేయండి. స్పీకరు తీగలు ఊడదీయండి. గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియో ధ్వనిని ముప్పాతిక వంతుకు పెట్టండి. ఒకే స్వరం పలికే పరీక్ష రికార్డు వేయండి: తలుపు స్పీకర్లకైతే 400 హెర్ట్జ్, సబ్‌వూఫరుకైతే 50. చవక మీటర్లు చాలావరకు 400 దాటితే సరిగా కొలవవు.

ఇక లెక్క. వాట్లను ఓములతో హెచ్చవేసి వర్గమూలం తీయండి. 75 వాట్లు, 4 ఓములు అయితే 300. దాని వర్గమూలం 17.3. ఆంప్లిఫయరు ఇవ్వగలిగినది, స్పీకరు భరించగలిగినది, ఈ రెంటిలో తక్కువ అంకెనే తీసుకోవాలి. మీటరును ఏసీ వోల్టులకు పెట్టి, గెయిన్ మెల్లగా తిప్పుతూ 17.3 దగ్గర ఆగండి. ఆపైన ఆ మర ముట్టుకోవద్దు.

తరువాత పనులు పంచాలి. తలుపు స్పీకర్లకు 80 హెర్ట్జ్ పైన స్వరాలు, సబ్‌వూఫరుకు ఆ కిందివి. మృదంగం బరువు సబ్‌వూఫరు మోస్తే, తలుపు స్పీకరు గాయకుడి కంఠాన్ని హాయిగా పలుకుతుంది.

ఘంటసాలవారి పరీక్ష

చివరి పరీక్షకు ఏ యంత్రమూ అక్కరలేదు. ‘మాయాబజార్’ (1957) నాటి ఘంటసాలవారి పాట ఏదైనా వేయండి. అప్పటి సినిమా పాటలు స్టీరియోవి కావు. రెండు పక్కలా ఒకే ధ్వని. కనుక కంఠం డాష్‌బోర్డు నడిమధ్యనుంచి రావాలి. ఎటూ కాకుండా చెదిరి, మంద్రస్వరం పలచబడితే ఒక స్పీకరుకు తీగలు తారుమారు అయ్యాయన్నమాట. కుడిపక్కకే లాగుతుంటే కారణం వేరు. మన కార్లలో నడిపేవారు కుడిస్పీకరుకు దగ్గర. ఎడమది 60 సెంటీమీటర్లు దూరమైతే దాని ధ్వని సెకనులో వెయ్యోవంతుకు దాదాపు రెండింతలు ఆలస్యంగా చేరుతుంది. చాలా స్టీరియోలలో కుడిదాన్ని ఆ మేరకు ఆలస్యం చేసే ఏర్పాటు ఉన్నది.

ఒక హెచ్చరిక

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. ముందుసీట్లో అయ్యగారు తలాడిస్తూ ఉంటే, వెనకసీట్లో పసివాడు స్పీకరు పక్కనే కూర్చుని ఉండవచ్చు. చెవిలో చెడిన సూక్ష్మ కణాలు తిరిగి మొలవవు. స్పీకరు బజారులో దొరుకుతుంది, చెవి దొరకదు.

నేను పాటించే కొలత ఒక్కటే. పాట నడుస్తుండగా పక్కవారు మామూలు గొంతుతో మాట్లాడితే వినపడాలి, వెనక అంబులెన్సు వస్తే తెలియాలి. ఆ రెండూ కుదిరితే మీ కారుకు శ్రుతి కుదిరినట్టే.