ఛాయాచిత్రమును పరీక్షించుట ఎట్లు?

హైదరాబాదుకు తూర్పున, విజయవాడ రహదారి ప్రక్కన, వనస్థలిపురము వద్ద మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు నిజాము ప్రభువులు వేటాడిన ఈ భూమికి, మహావీరుని 2,500వ నిర్వాణోత్సవ సందర్భమున 1975లో ఆయన పేరు పెట్టిరి. 1994లో ఇది జాతీయోద్యానమైనది. సుమారు 14.6 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో కృష్ణజింకలు ముఖ్యమైనవి. ఒకనాడు తుపాకులు గురిపెట్టిన చోట నేడు కెమెరాలు గురిపెట్టుచున్నారు.

తీసిన బొమ్మను పదిమందికి చూపినప్పుడు సాధారణముగా వినబడు మాటలు రెండే: "చాలా బాగుంది", "సరిగా రాలేదు". మొదటిది సంతోషము కలిగించును, రెండవది నొప్పించును. కాని రెంటిలో ఏదియు తీసినవానికి మరునాడు ఏమి చేయవలెనో చెప్పదు. జ్వరము వచ్చినదనుట రోగనిర్ణయము కానట్లే, లోపము ఉన్నదనుట విమర్శ కాదు. కారణమును చెప్పినప్పుడే అది విమర్శ యగును.

"జింక మసకగా ఉన్నది" అను మాటను తీసికొందము. మసకకు కనీసము నాలుగు కారణములున్నవి. చేయి కదలినచో బొమ్మలోని వస్తువులన్నియు ఒకే దిక్కునకు సాగినట్లుండును. జింకయే కదలినచో నేల స్పష్టముగా ఉండి జింక మాత్రమే చెదరును. దృష్టికేంద్రము తప్పినచో జింకకు ముందో వెనుకనో ఉన్న గడ్డి స్పష్టముగా కనబడును. దూరపు వస్తువులన్నియు నీటిలో నీడలవలె అలలుగా కనబడినచో దోషము వేడిగాలిది. ఎండకు నేల కాగినప్పుడు, వేర్వేరు ఉష్ణోగ్రతలుగల గాలిపొరలలో కాంతి వంగిపోవును. ఎండమావికి కారణమిదే.

నాలుగు కారణములకు నాలుగు మందులు. చేయి కదలుటకు ఆధారము కావలెను. పరుగెత్తు జింకకు సెకనులో వెయ్యవ వంతు వంటి షట్టరు వేగము కావలెను. మూడవదానికి దృష్టిని జింక కంటిమీద నిలుపవలెను. నాలుగవదానికి ఎంత ఖరీదైన కటకమైనను పనికిరాదు; తెల్లవారుజామున పోవుటయే మార్గము. కారణము తెలియక "మంచి కెమెరా కొను" అని సలహా ఇచ్చినచో డబ్బు పోవును, మసక మిగులును.

నలుపు తెలుపుల విషయమును ఇట్టిదే. ఈడు వచ్చిన మగజింక వీపు నలుపు, కడుపు తెలుపు. కెమెరాలోని కాంతిమాపకము తన ఎదుట ఉన్నదంతయు సగటున బూడిదరంగే యని లెక్కవేయును. నల్లని జింక బొమ్మనంతటిని ఆక్రమించినచో అవసరమునకు మించి కాంతిని రానిచ్చును. నలుపు బూడిద యగును, కడుపుమీది వివరములు తెలుపులో కలిసిపోవును. అదే జింక మెరయు ఆకాశము ఎదుట చిన్నదిగా నిలిచినచో కాంతి చాలక నల్లని మచ్చ యగును. కనుక ఒకరికి "కాంతి తగ్గించు", మరియొకరికి "పెంచు" అని చెప్పుట పరస్పర విరుద్ధము కాదు.

విమర్శ వినువానికిని ఒక క్రమశిక్షణ ఉన్నది. "జింక ఆగలేదు, ఎండ ఎక్కువగా ఉన్నది" అని వెంటనే చెప్పుకొనుట సహజమే. కాని చూచువానికి కనబడునది బొమ్మ మాత్రమే. వినువాడు సమర్థించుకొనుటకు బదులు "ఏ భాగములో? దేనినిబట్టి?" అని అడుగవలెను. తరువాత ప్రయోగశాలలోవలె ఒకసారికి ఒక అంశమునే మార్చి చూడవలెను. కొమ్ములు బొమ్మలో ఏ మూలకు రావలెనను వంటివి అభిరుచికి చెందినవి. వానిని వినవచ్చును, విడువవచ్చును. తెగిపోయిన కొమ్ము, కదలిన కన్ను అట్టివి కావు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉన్నది: ఈ బొమ్మను ఎట్లు తీసిరి? మందలోని జింకలన్నియు మేత మాని, తలలెత్తి కెమెరావైపు చూచుచున్నచో అవి బెదరినవని ఆ బొమ్మయే సాక్ష్యము చెప్పును. దానిని "ఎంత దగ్గరగా తీశావు!" అని మెచ్చుకొన్నచో, వినువాడు మరునాడు ఇంకొక పది అడుగులు ముందుకు పోవును. గూటిలోని పిల్లలు స్పష్టముగా కనబడుటకు ఆకులు త్రుంచినచో, అవి ఎండకు, కాకులకు గురియగును. పొగడిన నోటికిని ఆ హానిలో భాగమున్నది. కృష్ణజింకకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో రక్షణ కల్పించినది. కాని చట్టము చూడని చోట స్నేహితుని ప్రశ్న పనిచేయును.

ఈ ప్రశ్న పెద్ద బహుమతులను సైతము తారుమారు చేయగలదు. లండను నేచురల్ హిస్టరీ మ్యూజియము సహనిర్వహణలో నాడు జరిగిన పోటీలో, గేటు దూకుచున్న తోడేలు చిత్రమునకు 2009లో ప్రథమ బహుమతి లభించినది. అది అడవి తోడేలు కాదేమోనని ఇతర ఛాయాగ్రాహకులు సందేహించిరి. మచ్చికచేసిన తోడేలే అయియుండుటకు ఎక్కువ అవకాశమున్నదని నిర్ణేతలు తేల్చి, 2010లో బహుమతిని రద్దుచేసిరి. తీసినవారు ఆ ఆరోపణను అంగీకరింపలేదు.

పాఠశాలలలో ఉపాధ్యాయులు దీనిని సులభముగా అభ్యాసము చేయింపవచ్చును. తీసినవారి పేర్లు లేకుండ కొన్ని బొమ్మలను గోడకు అంటించి, ప్రతి విద్యార్థిచేత మూడు వాక్యములు వ్రాయింపవలెను: ఏమి కనబడుచున్నది? దానికి కారణమేమి? మరల తీసినచో ఏమి మార్చవలెను? మొదటిది పరిశీలన, రెండవది ఊహ, మూడవది ప్రయోగము. శాస్త్రమునకు కావలసిన మూడు మెట్లును ఇవే.