ఒక్క పండు పండితే పెట్టంతా ఎందుకు పండుతుంది?

2007లో అమెరికా ప్రభుత్వం భారతదేశపు మామిడిపళ్ళకి అనుమతి ఇచ్చింది. పురుగుల భయం లేకుండా వాటికి కనీసం 400 గ్రే రేడియేషన్ ఇచ్చి విమానంలో పంపుతారు. అందుకే ధర కూడా విమానంలోనే ఉంటుంది! అంత పెట్టి కొన్న బంగినపల్లి పెట్టెలో సగం పళ్ళు నాలుగు రోజుల్లో నల్లమచ్చలు పడి చెత్తబుట్ట పాలైతే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంతకీ లోపల జరిగేదేమిటి?

చెట్టునుంచి కోసినా కాయ బతికే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చుకుంటూ, తనలో దాచుకున్న చక్కెరలని ఖర్చు చేస్తూ, వేడినీ నీటి ఆవిరినీ వదులుతుంది. పక్వానికి వచ్చాక ఎథిలీన్ అనే వాయువుని తయారు చేస్తుంది. యాపిల్ పళ్ళు ఈ వాయువుని తామే పుట్టిస్తాయని 1934లో గేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త నిరూపించాడు.

అసలు తమాషా ఇక్కడుంది. ఎథిలీన్ తగిలిన కాయ తానూ మరింత ఎథిలీన్ వదులుతుంది. అది పక్క కాయకి తగులుతుంది. మన భాషలో చెప్పాలంటే, ఆగే షరతు రాయని రికర్షన్ అన్నమాట! ఆ సందేశం అందగానే ఎంజైములు పనిలోకి దిగుతాయి. పిండిపదార్థం చక్కెర అవుతుంది, పెక్టిన్ కరిగి కండ మెత్తబడుతుంది, పచ్చరంగు పోతుంది.

మరి నల్లమచ్చలు? ఆంత్రక్నోజ్ అనే బూజు తెగులు కాయ పచ్చిగా ఉన్నప్పుడే తొక్కలో చేరి నిద్రపోతూ ఉంటుంది. పచ్చికాయలో దాన్ని అణచిపెట్టే రసాయనాలు పండేకొద్దీ తగ్గిపోతాయి. అప్పుడది నిద్ర లేస్తుంది. అంటే కుళ్ళు బయటినుంచి కొత్తగా వచ్చింది కాదు, పెట్టెతోపాటే వచ్చింది.

ఇది తెలిస్తే ఏం చెయ్యాలో తేలిగ్గా అర్థమవుతుంది.

పెట్టె తెరవగానే పండినవీ, దోరవీ, పచ్చివీ వేరు చెయ్యండి. మచ్చ పడినవి ముందు తినెయ్యండి.

పచ్చివి ఫ్రిజ్ లో పెట్టకండి. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే తొక్క నల్లబడుతుంది, తరువాత సరిగా పండవు. తొందరగా పండాలంటే కాగితం సంచిలో ఒక అరటిపండుతో కలిపి ఉంచండి. మన పెద్దవాళ్ళు బియ్యంలోనూ గడ్డిలోనూ మాగబెట్టడంలో ఉన్న కిటుకు ఇదే: ఎథిలీన్ బయటికి పోకుండా ఆపడం.

పండాక మాత్రం ఫ్రిజ్ లో పెడితే నాలుగైదు రోజులు ఆగుతాయి. తినబోయే ముందే కడగండి, తడి ఉంటే బూజుకి పండగ. ఇంకా మిగిలితే గుజ్జు తీసి ఫ్రీజర్ లో పెట్టండి, నెలల తరబడి ఉంటుంది.

ద్రాక్ష, నారింజ, స్ట్రాబెర్రీలది వేరే దారి. కోశాక అవి ఇంకా తియ్యబడవు కాబట్టి మాగబెట్టి లాభం లేదు. తెచ్చినవి తెచ్చినట్టు ఫ్రిజ్ లో పెట్టడమే. కొత్తిమీర, పాలకూరల్ని మాత్రం యాపిల్ పళ్ళ పక్కన పెట్టకండి. ఎథిలీన్ తగిలితే పసుపెక్కిపోతాయి.

యాపిల్ వ్యాపారులు ఇదే సూత్రాన్ని తిరగేసి వాడతారు. ఆక్సిజన్ బాగా తగ్గించిన చల్లటి గదుల్లో ఉంచుతారు. 1-ఎంసీపీ అనే మరో వాయువుని కూడా వాడతారు. ఎథిలీన్ తాళంచెవి పట్టాల్సిన రంధ్రంలో అది ముందే దూరి కూర్చుంటుంది. సందేశం వచ్చినా పండుకి వినపడదు. అందుకే నిరుడు కోసిన యాపిల్ ఈ వేసవిలో కూడా కరకరలాడుతుంది.