విమానాల రేవుకు వేలంపాట

"విమానాశ్రయం అమ్మేస్తారటండీ!" అన్న మాట మా తిరుపతిలో చాలాసార్లు విన్నాను. అనేవారిలో కొందరి గొంతులో ఆందోళన, కొందరి గొంతులో "పోనీలెండి, ఇకనైనా బాగుపడుతుంది" అన్న ధీమా. నేను పాఠం చెప్పేది తెలుగు. విమానాలతో నా పరిచయం టికెట్టు కొనుక్కొని ఎక్కడం వరకే. అయితే మాటలతో బ్రతికేవాణ్ణి గనుక, ఆ వాక్యంలో 'అమ్మడం' అన్న క్రియ దగ్గర నాకు అనుమానం వచ్చింది. అమ్మేదేమిటి? ఎంతకాలానికి? ఆ సొమ్ము చివరికి ఎవరి జేబులోనిది? ఈ మూడూ తెలియకుండా మంచిదనీ చెడ్డదనీ వాదించుకోవడం, పెళ్లికూతురు పేరు తెలియకుండా లగ్నం పెట్టుకోవడం వంటిది.

మన పల్లెటూళ్లలో ఈ వ్యవహారానికి సరిపోయే మాట ఏనాటినుంచో ఉన్నది: ఆశీలు పాట. సంత జరిగే స్థలం పంచాయతీది. ఏడాదికోసారి పాట పెడతారు. హెచ్చుపాట పాడినవాడు పంచాయతీకి సొమ్ము కట్టి, సంతకు వచ్చే బండికింత, గంపకింత, పశువుకింత అని వసూలు చేసుకుంటాడు. స్థలం అతనిది కాదు, సరుకూ అతనిది కాదు; వసూలు చేసుకునే హక్కు ఒక్కటే అతనిది. విమానాశ్రయాల సంగతీ దాదాపు ఇంతే. తేడా అల్లా, ఇక్కడ పాట ఏడాదికి కాదు, యాభై ఏళ్లకు. పైగా పాడుకున్నవాడు ఊరికే వసూలు చేసుకుంటే చాలదు. సొంత పెట్టుబడితో సంతను పెంచాలి కూడాను.

అమ్మినదేమిటి?

కేంద్రప్రభుత్వపు విమానాశ్రయాల సంస్థ చేతిలో ఉన్న ఆరు విమానాశ్రయాలను ఈ పద్ధతిలో ఇవ్వడానికి 2018 నవంబరులో కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా అంగీకరించింది. అహమ్మదాబాదు, జయపూరు, లక్నో, గౌహతి, మంగుళూరు, తిరువనంతపురం - ఇవీ ఆ ఆరు. నేల ప్రభుత్వానిదిగానే ఉంటుంది. విమానాలను ఆకాశంలో నడిపించే కంట్రోలు టవరు పని విమానాశ్రయాల సంస్థే చేస్తుంది. కాపలా, కస్టమ్సు, పాస్‌పోర్టుల తనిఖీ ప్రభుత్వ శాఖలవే. మిగిలినది - టెర్మినలు, రన్‌వే నిర్వహణ, దుకాణాలు, కార్లు నిలిపే చోటు, ప్రకటనల బోర్డులు - గుత్తదారుది.

పాట ఎలాగ పెట్టారన్నది ముఖ్యం. 2006లో ఢిల్లీ విమానాశ్రయం ఇచ్చినప్పుడు రాబడిలో వాటా అడిగారు, జి.ఎం.ఆర్. సంస్థ నూటికి దాదాపు 46 వంతులు ఇస్తామని పాడుకున్నది. ఆ సంస్థ అధిపతి శ్రీకాకుళం సీమలోని రాజాంవారని పాఠకులకు విదితమే. ఈ ఆరింటికి మాత్రం వాటా కాక, ప్రయాణికుడి తలకు ఇంత అని పాట పెట్టారు. అచ్చంగా గంపకింత అన్నట్టే! 2019 ఫిబ్రవరిలో పాటలు తెరిచారు. అహమ్మదాబాదుకు 177 రూపాయలు, జయపూరుకు 174, లక్నోకు 171, తిరువనంతపురానికి 168, గౌహతికి 160, మంగుళూరుకు 115. ఆరింటా హెచ్చుపాట ఒకరిదే: అదానీవారిది. ఒకే సంస్థకు రెండింటికి మించి ఇవ్వకుండా ఉంటే మంచిదని ఆర్థిక వ్యవహారాల శాఖ 2018లోనే సూచించినా, ఆ సూచన పాట షరతుల్లోకి ఎక్కలేదు.

పద్మనాభుడి ఊరు

ఈ ఆరింటిలో తిరువనంతపురం కథ మనం తెలుసుకోదగినది. మనదివలెనే అది దేవుడి పేరుమీద వెలసిన ఊరు. అక్కడి విమానాశ్రయం 1930ల నాటిది, తిరువాన్కూరు సంస్థానంలో గోదవర్మ రాజా చొరవతో ఏర్పడినది. 1935లో బొంబాయినుంచి టపా తీసుకుని టాటావారి చిన్న విమానం అక్కడ దిగింది. రన్‌వే ఎక్కడ పడిందంటారా? పద్మనాభస్వామి సముద్రస్నానానికి వెళ్లే దారికి అడ్డంగా! ఏటా రెండుసార్లు స్వామివారి ఆరాట్టు ఊరేగింపు కోట దాటి, రన్‌వే మీదుగా శంఖుముఖం సముద్రతీరానికి వెళ్లి తిరిగి వస్తుంది. ఆ కొన్ని గంటలూ విమానాల రాకపోకలు ఆపుతారు. గుత్తదారు మారినా ఈ ఆచారం మారలేదు.

పాట పెట్టినప్పుడు కేరళ రాష్ట్రం ఊరుకోలేదు. తన పారిశ్రామికాభివృద్ధి సంస్థ చేత తానూ పాడించింది. దాని పాట 135 రూపాయలు, జి.ఎం.ఆర్. పాట 63. రాష్ట్రానికి ఒక సౌకర్యం ఇచ్చారు: హెచ్చుపాటకు నూటికి పది లోపు తేడా ఉంటే, అదే ధరకు రాష్ట్రమే తీసుకోవచ్చునని. కాని తేడా నూటికి 19 దాటింది. టెర్మినలు కోసం 23 ఎకరాల పైచిలుకు భూమి ఉచితంగా ఇచ్చామనీ, నడిపే హక్కు మాకే చెందాలనీ రాష్ట్రం వాదించింది. 2020 ఆగస్టులో కేరళ శాసనసభ ఏకగ్రీవంగా నిరసన తీర్మానం చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో హైకోర్టు రాష్ట్రం పిటిషను కొట్టివేసింది. 2021 అక్టోబరు 14న విమానాశ్రయం చేతులు మారింది. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

కేరళవారి పట్టుదలకు ఒక కారణం ఉన్నది. వాళ్లకు కొచ్చి అనుభవం ఉన్నది. 1999లో తెరిచిన కొచ్చి విమానాశ్రయంలో రాష్ట్రప్రభుత్వానిది ప్రధాన వాటా. విదేశాల్లో పనిచేసే మలయాళీలతో సహా వేలాదిమంది చిన్న వాటాదారులు. 2015లో అది పూర్తిగా సూర్యశక్తితో నడిచే విమానాశ్రయంగా ప్రపంచంలోనే పేరు తెచ్చుకున్నది. అంటే మన ముందున్నవి సర్కారు, కంపెనీ అన్న రెండు దారులే కావు. ఊరివాళ్లు కూడా వాటాదారులయ్యే మూడో దారి ఒకటి మన పొరుగునే ఉన్నదన్నమాట.

ఎవరు కడుతున్నారు?

168 రూపాయలు గుత్తదారు కట్టేది. దానిని ప్రయాణికుల చార్జీల లెక్కలో ఖర్చుగా చూపరాదని షరతు ఉన్నది. మంచి షరతే. అయితే టెర్మినళ్లకూ రన్‌వేలకూ పెట్టిన పెట్టుబడి మాత్రం దానిమీద న్యాయమైన లాభంతో సహా చార్జీల రూపంలో వసూలవుతుంది. ఈ చార్జీలను గుత్తదారు తోచినట్టు వేయడానికి లేదు. 2008 నాటి చట్టంకింద ఏర్పడిన నియంత్రణ సంస్థ ఒకటి లెక్కలు చూసి నిర్ణయిస్తుంది. దుకాణాలు, ప్రకటనల మీద వచ్చే రాబడిలో నూటికి 30 వంతులు చార్జీలు తగ్గించడానికి లెక్కకు తీసుకుంటారు. మిగతా 70 వంతులు నడిపేవారికి. విమానాశ్రయంలో ఇడ్లీ ధర చూసి ఉలిక్కిపడేవారికి కారణంలో కొంత భాగం ఇక్కడ దొరుకుతుంది.

తిరువనంతపురంలో ఏం జరిగిందో చూడండి. స్వదేశంలోనే ప్రయాణించేవారు విమానం ఎక్కేటప్పుడు కట్టే అభివృద్ధి రుసుము 506 రూపాయలుండేది. 2024 జూలైలో అది 770 అయింది. దిగేవారిమీద కూడా కొత్తగా 330 రూపాయలు పడింది. టికెట్టులో కలిసిపోతుంది గనుక మనం గమనించము. సంతలో ఆశీలు వసూలుచేసేవాడైనా చెయ్యి చాచి అడుగుతాడు. ఇక్కడ ఆ చెయ్యి కూడా కనబడదు.

మరి పెంపుదల మాట? 2018-19లో అక్కడ సుమారు 44 లక్షలమంది రాకపోకలు చేశారు. కరోనా దెబ్బకు పడిపోయి, 2023-24 నాటికి మళ్లీ దాదాపు అదే సంఖ్యకు చేరింది. ఆ మరుసటి సంవత్సరం 49 లక్షల దరిదాపులకు వెళ్లింది. టెర్మినలును సుమారు 1,300 కోట్లతో పెంచి, ఏటా కోటీ ఇరవై లక్షలమందికి చాలేటట్టు చేస్తామని కొత్త నిర్వాహకులు ప్రకటించారు. కట్టడం వారి చేతిలో ఉన్నది. విమానాలు రావడం పూర్తిగా వారి చేతిలో లేదు. ఏ దేశపు విమానాలు వారానికి ఎన్ని రావచ్చునో ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు తేలుస్తాయి. ఏ ఊరికి నడపాలో విమాన కంపెనీలు తేల్చుకుంటాయి. భవనం పెద్దదైతే చుట్టాలు వాళ్లంతట వాళ్లే వస్తారనుకోవడం పొరపాటు.

మన వాకిట్లోకి వస్తే

2021లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన ఆస్తుల జాబితాలో ఇదే దారిలో ఇవ్వదలచిన విమానాశ్రయాలు 25. అందులో విజయవాడ, తిరుపతి, రాజమండ్రి ఉన్నవి. అంతేకాదు, లాభంలేని చిన్నవాటిని ఎవరూ పాడుకోరు గనుక, పెద్దదానికి చిన్నదాన్ని జతకట్టే ఆలోచన అదే సంవత్సరం వచ్చింది. వారణాసితో గయ, కుశీనగరం, భువనేశ్వరంతో హుబ్బళ్లి, తిరుచిరాపల్లితో మా తిరుపతి! పాడిఆవును కొంటే దూడను కూడా తోలుకుపోవలసిందే అన్నట్టు. ఉపాయం తెలివైనదే. సింగపూరుకూ గల్ఫుకూ విమానాలు నడిచే తిరుచ్చి రాబడితో తిరుపతి బాగుపడవచ్చు. కాని ఆవుకు మేత వేసి దూడను మరిచిపోయే యజమానులు కూడా లోకంలో ఉంటారు. తిరుపతికి ఎన్నేళ్లలో ఎంత ఖర్చు పెట్టాలో ఒప్పందంలో విడిగా రాయకపోతే, రేణిగుంటలో 2015లో ప్రజాధనంతో కట్టి తెరిచిన టెర్మినలు దగ్గరే మా ఊరి కథ ఆగిపోవచ్చు.

షరతు ఎంత బలమైనదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2004లో కుదిరిన శంషాబాదు ఒప్పందంలో, ఆ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్లపాటు మరొక విమానాశ్రయం పెంచరాదని ఒక వాక్యం ఉన్నది. 2008లో శంషాబాదు తెరిచారు, వృద్ధిలోకి వచ్చింది, హైదరాబాదుకు మేలే జరిగింది. కాదనేవారెవరు? కాని ఆ ఒక్క వాక్యం నిజాం కాలంనాటి వరంగల్లు మామునూరు విమానాశ్రయానికి దారి మూసింది. చివరికి శంషాబాదు నిర్వాహకులు అభ్యంతరం లేదని చెప్పగా 2025 ఫిబ్రవరిలో గాని మామునూరుకు కేంద్రం అనుమతి రాలేదు. కాగితంమీద ఒక పంక్తి, ఒక జిల్లాకు ఇన్నేళ్ల నిరీక్షణ.

కనుక అమ్మరాదని కేకలు వేయడమూ, అమ్మితే బంగారమేనని చప్పట్లు కొట్టడమూ రెండూ తొందరపాటే అని నా మనవి. పాట పెట్టకముందే మూడు సంగతులు మనం అడగాలి. జతకట్టిన చిన్న విమానాశ్రయానికి పనులూ గడువులూ విడిగా రాస్తారా? రాబోయే పదేళ్లలో ప్రయాణికుడి రుసుము ఏమేరకు పెరగవచ్చునో పాటకు ముందే బయటపెడతారా? ఇరుగుపొరుగు ఊళ్ల దారి మూసే వాక్యం ఏదైనా ఉన్నదా?

నియంత్రణ సంస్థ చార్జీలు నిర్ణయించేముందు సంప్రదింపు పత్రం ప్రచురించి, అభిప్రాయాలు పంపమని కోరుతుంది. విమాన కంపెనీలు పంపుతాయి; నిర్వాహకులు పంపుతారు. ఊళ్లోని వర్తకసంఘాలూ, కళాశాలలూ, ప్రయాణికుల సంఘాలూ పంపవచ్చును. ఒక కార్డుముక్క రాసినంత పని.

పాట జరిగేనాడు పత్రికల్లో పెద్ద అక్షరాలతో కనబడేది ధర. ఆ తరవాత యాభై ఏళ్లూ మాట్లాడేది షరతు. ఇవాళ నా తరగతిలో ముందు బల్లమీద కూర్చునే పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి, రేపు సంతకమయ్యే ఒప్పందం గడువు తీరేసరికి అరవై ఎనిమిదేళ్లు వస్తాయి.