నింద కార్బొరేటర్‌ది, తప్పు కండెన్సర్‌ది

పాత బండి దారిలో మొరాయించిందంటే తీర్పు సిద్ధంగా ఉంటుంది: ‘కార్బొరేటర్‌లో కచరా పట్టింది.’ ఈ మాట అనడానికి మెకానిక్కే కానక్కర్లేదు, టీకొట్టు దగ్గర నిలబడ్డ ఎవరైనా అనేస్తారు. గిన్నె విప్పుతారు, జెట్లు ఊదుతారు, పెట్రోలుతో కడుగుతారు. ఈలోగా ఇంజను చల్లారుతుంది. బిగించి కిక్కు కొడితే బండి లేస్తుంది. ‘చూశారా, నేను చెప్పలా!’ అంటారు. కాస్త దూరం పోయి ఇంజను వేడెక్కగానే మళ్లీ అదే కథ. కడిగినందుకు లేచిందనుకున్న బండి నిజానికి చల్లారినందుకు లేచింది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ నడిచే బండిలో నేనైతే ముందు అనుమానించేది కరెంటునే.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350నే తీసుకోండి. 1955లో మద్రాసులో తయారీ మొదలైన ఈ బండిలో దశాబ్దాల పాటు ఉన్నది పాయింట్ల ఇగ్నిషనే. ఆ పద్ధతికి రూపమిచ్చినవాడు అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1910 ప్రాంతంలో, కార్ల కోసం. బ్యాటరీలో ఉన్నది ఆరో పన్నెండో వోల్టులు, ప్లగ్గుకు కావలసింది వేలల్లో. ఆ వేలు ఎక్కణ్నుంచి వస్తాయి?

ఇంట్లో పొడుగాటి పైపులో నీళ్లు జోరుగా పారుతుండగా కుళాయిని ఠక్కున కట్టేసి చూడండి. గోడలో పైపు ‘ధడ్’మంటుంది. పరుగులో ఉన్న నీటిని ఒక్కసారిగా ఆపితే ఆ ఊపంతా ఒత్తిడిగా మారుతుంది. ఇగ్నిషన్ కాయిల్ ఆ పైపు, పాయింట్లు కుళాయి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతూ బలం పుంజుకుంటుంది. అవి విడిపోయిన క్షణంలో ఆ ‘ధడ్’ వేల వోల్టులై ప్లగ్గుకు చేరుతుంది. అయితే కుళాయి ఠక్కున మూతపడాలి. వాషరు అరిగి, కట్టేశాక కూడా కాసేపు కారుతూ ఉంటే దెబ్బ ఎక్కడిది? పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య చిన్న మెరుపు లేచి కరెంటును కారనిస్తూనే ఉంటుంది. దాన్ని అణచి కుళాయిని ఠక్కున మూయించేదే కండెన్సర్. బొటనవేలంత ఉండదు, ఎవరూ పట్టించుకోరు, వేడెక్కితే మొండికేస్తుంది. పాయింట్ల దగ్గర నీలిరంగు మెరుపులు ఎక్కువగా కనిపిస్తున్నాయంటే అనుమానం దాని మీదే.

కుళాయి మరీ కొద్దిసేపే తెరిచినా నీరు జోరందుకోదు. పాయింట్ల మధ్య సందు ఎక్కువగా పెడితే జరిగేది ఇదే: అవి కలిసి ఉండే సమయం తగ్గి, వేగం పెరిగేకొద్దీ కాయిల్ నిండదు. బుల్లెట్‌కు ఆ సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. దాన్ని ఫీలర్ గేజ్‌తో కొలవాలి, పోస్టుకార్డు ముక్కతో కాదు.

బుల్లెట్ హెడ్‌లైట్ పైన ఉండే చిన్న యామీటరంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. తాళం తిప్పి, డీకంప్రెసర్ పట్టుకుని కిక్కర్‌ను మెల్లగా తొక్కండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, విడిపోగానే మధ్యకు రావాలి. అసలు కదలకపోతే పాయింట్లకు మురికి పట్టిందో, ఫ్యూజు పోయిందో, వైరు ఊడిందో. మైనస్ దగ్గరే అతుక్కుపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కండెన్సర్ షార్టయింది. ఒక్క నట్టూ విప్పకుండా సగం రోగం తెలిసిపోతుంది.

ఇక నన్ను అన్నిటికంటే చిరాకు పెట్టేది ప్లగ్గు పరీక్ష. ప్లగ్గు తీసి, ఇంజను బాడీకి ఆనించి, కిక్కు కొట్టి ‘కరెంటు బాగానే వస్తోంది సార్, తేడా కార్బొరేటర్‌లోనే’ అనడం. బయటి గాలిలో నిప్పు దూకడం తేలిక, మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టులు చాలు. సిలిండర్ లోపల అదే గాలి అయిదారు రెట్లు కుదించుకుని ఉంటుంది. గాలి ఎంత దట్టంగా ఉంటే దాన్ని చీల్చుకుని పోవడానికి అన్ని ఎక్కువ వోల్టులు కావాలి. కాబట్టి బలహీనమైన కాయిల్ బయట చక్కగా మెరిసి లోపల చతికిలపడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడూ, వెనక ఇద్దరు కూర్చున్నప్పుడూ మనం యాక్సిలరేటర్ మరింత తిప్పుతాం; సిలిండర్‌లోకి వచ్చే గాలి పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, నిప్పు తప్పుతుంది. బండి మిస్సింగ్ కొడుతుంది. అచ్చం పెట్రోలు అందనట్టే ఉంటుంది! పాపం, కార్బొరేటర్‌కు ఇలాగే చెడ్డపేరు వస్తుంది.

సరైన పరీక్ష కావాలంటే నిప్పు బయట అయిదారు మిల్లీమీటర్ల దూరం దూకాలి. దీనికి టెస్టర్లు దొరుకుతాయి. ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది కాబట్టి మెరుపును దానికి దూరంగా ఉంచండి. ఆర్‌ఎక్స్ 100 వాళ్లకు పాయింట్ల బాధ లేదు, వాళ్లది సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ప్లగ్గు క్యాప్‌ను గాలికి వదిలేసి కిక్కు కొడితే ఆ సీడీఐ పెట్టె పాడయ్యే ప్రమాదం ఉంది.

ప్లగ్గు క్యాప్, వైరు, ఎర్తు కూడా చూసి అన్నీ బాగున్నాయనుకున్నాకే కార్బొరేటర్ జోలికి పోవాలి. నిజంగా తప్పు దానిదే అయితే అదే చెబుతుంది. స్లో జెట్ మూసుకుంటే ఐడిలింగ్ నిలవదు, చోక్ వేస్తేనే నడుస్తుంది. మెయిన్ జెట్ మూసుకుంటే ఫుల్ యాక్సిలరేటర్‌లో చతికిలపడుతుంది. ఫ్లోట్ నీడిల్ అరిగితే పెట్రోలు కారుతుంది. జెట్లను క్లచ్ వైరు పోగుతో పొడవకండి. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఒక్క గీత పడితే కొలత మారిపోతుంది.

పికప్ కోసం ట్యాంకులో కలరా ఉండలు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. దిష్టి తగిలిందని హ్యాండిల్‌కు నిమ్మకాయ కట్టేవాళ్లూ ఉన్నారు. ఏటా దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించండి, నాకేం అభ్యంతరం లేదు. అదే రోజు ఎయిర్ ఫిల్టర్ కూడా ఓసారి దులపండి.

వేడి జబ్బును పోలినదే ఇంకొకటుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోలు దిగడం మెల్లగా ఆగి, కొంతదూరం నడిచిన బండి నిలిచిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది. అందుకే బండి ఆగగానే ముందు మూత తెరవండి. ‘స్స్’ మని గాలి పీల్చుకుని, వెంటనే స్టార్టయిందా, మూత రంధ్రం శుభ్రం చేస్తే చాలు. ఏ తేడా లేకపోతే వెంటనే, ఇంజను చల్లారకముందే, నిప్పు పరీక్ష చేయాలి. చల్లారాక చేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.