మంచం పక్కన ఎవరు?

పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన అమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తారు. బిల్లు పిల్లలంతా పంచుకుంటారు. అమెరికాలో ఉన్నవాడు కాస్త ఎక్కువే వేసుకుంటాడు. అక్కడ ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. డిశ్చార్జి చేసే ముందు నర్సు జాగ్రత్తలు చెబుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. కూర్చోబెట్టే తినిపించాలి, తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు. పొలమారి అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. డైపరు తడి చూస్తూ ఉండాలి, చర్మం ఒరిసిపోకుండా పొడిగా తుడవాలి.

ఇవన్నీ చెబుతున్నప్పుడు నర్సు ఎవరి ముఖం చూస్తుందో గమనించండి. కొడుకులు ముగ్గురు ఎదురుగా నిలబడి ఉన్నా ఆమె చెప్పేది కోడలికే. కాకపోతే దగ్గరి ఊళ్లో ఉన్న కూతురికి. ఆ గదిలో ఎవరికీ అది వింతగా అనిపించదు.

రెండు గంటలకోసారి అంటే రోజుకు పన్నెండు సార్లు. అందులో నాలుగైదు సార్లు ఊరంతా నిద్రపోయే వేళలోనే. ఇది వారం రోజుల పని కాదు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

తల్లిదండ్రులను చూసుకోవడం గురించి మనం మాట్లాడుకునేవి ఎప్పుడూ రెండే కథలు. వృద్ధాశ్రమంలో వదిలేసిన కొడుకు ఒకడు, నెత్తిన పెట్టుకుని చూసుకున్న కొడుకు ఇంకొకడు. ఈ ఇద్దరి మధ్యనే మన ఇళ్లలో ఎక్కువ భాగం ఉన్నాయి. అమ్మానాన్నల మీద ప్రేమ ఉంది, డబ్బుకూ వెనకాడరు. డబ్బు పంచుకున్నంత సులువుగా పని మాత్రం పంచుకోవడం లేదు. ఆ భారం ఒక్క మనిషి నడుం మీద పడి ఉంది.

వంతులు లేవా అంటే ఉన్నాయి. నెలకో కొడుకు ఇల్లు. లేదంటే నాన్న పెద్దవాడి దగ్గర, అమ్మ చిన్నవాడి దగ్గర. 1972లో వచ్చిన ‘బడిపంతులు’ సినిమాలో ఎన్టీఆర్, అంజలీదేవి పాత్రలు అలా కొడుకుల మధ్య విడిపోతే ప్రేక్షకులు కన్నీళ్లు పెట్టుకున్నారు. యాభై ఏళ్లు దాటిపోయినా ఆ ఏర్పాటు మన ఊళ్లలో చెక్కుచెదరలేదు. నెలాఖరు రాగానే మందుల సంచి, నాలుగు చీరలు సర్దుకుని పెద్దావిడ ఇల్లు మారుతుంది. అన్నదమ్ముల మధ్య లెక్క సరిపోతుంది. ఆమెకు మాత్రం తనదని చెప్పుకునే గది లేకుండా పోతుంది. మతిమరుపు జబ్బు మొదలైనవాళ్లకైతే ఇది మరీ అన్యాయం. అలవాటైన గోడ, అలవాటైన బాత్రూము దారి పోతే వాళ్ల అయోమయం ఇంకా ముదురుతుంది. వంతులు ఉండాల్సిందే. కానీ తిరగాల్సింది పిల్లలు. అమ్మ తన ఇంట్లో, తన మంచం మీద ఉండాలి. వంతు ఉన్నవాళ్లు సంచి సర్దుకుని అక్కడికి రావాలి.

చట్టం ఏం చేయగలదు?

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం నిజంగా అక్కరకొచ్చే చట్టం. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, లాయరును పెట్టుకోనక్కర్లేదు. పిల్లలకు నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. ఆస్తి రాయించుకుని ఆ తర్వాత గాలికొదిలేస్తే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. దీని మీద సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పు ఇస్తూ, చూసుకోవాలనే షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు తేలాలంది. 2025 జనవరిలో ఇచ్చిన మరో తీర్పులో, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని చెప్పి, ఒక తల్లి కొడుక్కి రాసిచ్చిన ఆస్తిని ఆమెకు తిరిగి దక్కేలా చేసింది. అయినా కోర్టుల దాకా తెచ్చుకోవడం ఎందుకు? గిఫ్టు దస్తావేజు రాసేటప్పుడే ఆ షరతును అందులో రాయించండి. తొందర లేకపోతే వీలునామా చాలు. బతికున్నంత కాలం ఇల్లు మీ పేరు మీదే ఉంటుంది.

ఈ చట్టం లెక్కలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు, అల్లుడు లేడు. వాళ్లనూ చేర్చాలని 2019లో సవరణ బిల్లు తెచ్చారు గానీ అది చట్టం కాలేదు. చట్టం పేరెత్తని ఆ కోడలే ఇన్నాళ్లూ పని చేస్తోంది. ఆమె మీద చట్టం బరువు కూడా పెట్టే ముందు, ఇప్పటికే మోస్తున్న బరువు తగ్గించే దారి చూడాలి. ట్రిబ్యునల్ డబ్బు ఇప్పించగలదు. రాత్రి రెండింటికి లేచే మనిషిని ఇప్పించలేదు.

ఆ కోడలికీ అమ్మానాన్నలు ఉంటారు. ఈ మాట మనం ఎంత తక్కువగా అనుకుంటామో! అత్తగారి మంచం పక్కన ఏడాదిగా ఉన్న మనిషి, కన్నతల్లికి గుండె ఆపరేషనైతే రెండు రోజులు చూసి రావడానికి ఇంటిల్లిపాదినీ బతిమాలుకోవాలి. ‘నువ్వు వెళ్తే ఇక్కడ ఎవరు చూస్తారు’ అనే ప్రశ్న ఆమెకే ఎదురవుతుంది. ఆ తల్లి మాత్రం మరో ఇంటి కోడలి చేతుల్లో ఉంటుంది. కూతురి దగ్గరికి వెళ్లి ఉండవచ్చు కదా అంటే, అల్లుడి పంచన చేరామంటారని పెద్దవాళ్లే జంకుతారు. ఉమ్మడి రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లోనే చట్టం వచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2005లో. పెళ్లయిన కూతురికీ తల్లిదండ్రుల పోషణ బాధ్యత ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. ఇక జంకెందుకు? కూతురి ఇల్లు కూడా పిల్లల ఇల్లే.

ఇన్ని నెలలు నిద్ర లేని మనిషి విసుక్కుంటుంది. గొంతు పెరుగుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు అది విని ఊరంతా చెబుతారు. అలా చెప్పేవాళ్ల మీద నాకు కోపం ఉంది. ఒక రాత్రి అక్కడే ఉండి, ఆమెను పడుకోబెట్టి, ఆ పని తాము చేసి చూడాలి.

విదేశాల్లో ఉన్నవాళ్ల బాధ వేరు. తీసుకెళ్దామంటే అమెరికా విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఇచ్చేది ఆరు నెలలు. పౌరసత్వం వచ్చిన పిల్లలు గ్రీన్‌కార్డు తెప్పించినా, పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరడానికి వరసగా అయిదేళ్లు ఉండాలి. అందుకే చాలామంది అమ్మానాన్నలు ఇక్కడే ఉంటున్నారు. రోజూ వీడియో కాల్ చేయడం మంచిదే. కానీ ఇంటి నుంచే పని చేసే వీలున్నవాళ్లు ఏడాదికి ఒక నెల ఆ మంచం పక్క నుంచే పని చేయగలరు.

ఉద్యోగాల్లో కూడా దారి ఇరుకే. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగికి పిల్లల పెంపకం కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా ఏమీ లేదు, ఉన్న సెలవుల్లోనే సర్దుకోవాలి. పసిబిడ్డకు మనిషి కావాలని ఒప్పుకున్న ప్రభుత్వం, మంచాన పడ్డ ముసలిప్రాణానికీ మనిషి కావాలని ఒప్పుకోవాలి. ఆ సెలవు మగవాళ్లకూ ఇవ్వాలి. అసలు ముందు వాళ్లకే ఇవ్వాలి.

కొంత సాయం ఉంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారి పింఛను 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు. పెద్దవాళ్లకు ఏ ఇబ్బంది వచ్చినా 14567కు ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అయితే ఇవేవీ ఇంటి తలుపు తట్టి లోపలికొచ్చే మనిషిని ఇవ్వవు. కేరళ 2008లో ఉపశమన వైద్యానికి ప్రభుత్వ విధానం రాసుకుని, పంచాయతీల ద్వారా మంచాన ఉన్నవారి ఇళ్లకు నర్సులను పంపుతోంది. వాళ్లు పుండ్లకు కట్టు మారుస్తారు, మూత్రపు గొట్టం మారుస్తారు, ఇంట్లోవాళ్లకు పని నేర్పుతారు. ప్రతి మండలంలో మనకూ అలాంటి బృందం కావాలి. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను ఈ మాట అడగండి.

ప్రభుత్వం వచ్చేదాకా ఆగాల్సిన పని లేనిది ఒకటుంది. మీ ఇంట్లో అమ్మనో నాన్ననో ఎవరు చూసుకుంటున్నారో వాళ్లకు ఈ నెలలో ఒక వారం సెలవివ్వండి. ఆయాను పెట్టి పంపేయకండి. మందులు, తిప్పడం, తుడవడం ఎలాగో ముందే నేర్చుకుని, ఆ వారం రాత్రులు మీరే మేలుకోండి.