ముంగిటి గచ్చుపై సిమెంటు పూత

మా ముంగిటి గచ్చు పగులగా, సరిగా కడిగింపకయే నేనొకప్పుడు దానిపై సిమెంటు పూయించితిని. ఒక్క వానకాలమునకే పూత పెచ్చులుగా లేచెను. అది కాలికి తగిలి మా యక్కగారు పడిరి. దోషము సిమెంటుది కాదు, నాది.

పలుచని పూతకు పట్టు ప్రాణము. దుమ్ము, నాచు, జిడ్డు ఉన్నచో పట్టు కలుగదు. వదులుపెచ్చులు రాలగొట్టి, ఉలితో గంట్లు పెట్టి, కడిగి, ముందురాత్రి నేలను తడుపవలెను. పూయువేళ చెమ్మ యుండవలెను గాని నీరు నిలువరాదు. చిక్కని సిమెంటుపాలు పూసి, అవి యాఱకమునుపే 1 వంతు సిమెంటు, 3 వంతుల యిసుక కలిపిన ముద్దను అంగుళము మందమున పఱచి, వీథివైపు వాలు తీర్చి, కాలు జాఱకుండ పైభాగము గరుకుగా విడువవలెను. పిమ్మట 7 దినములు తడిగోనెలు కప్పవలెను. సిమెంటు గట్టిపడుట ఎండచే గాదు, నీటిచేతనే.

ఇట్లు మరల వేయించిన గచ్చుపై మా యక్కగారు నేడు నిర్భయముగా నడచుచున్నారు.