అద్దంలో మార్గరెట్టా

సోమవారం పొద్దున్నే ఎడిటర్ గారి ఫోన్. "ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలెవరి వెంటైనా ఒక రోజు తిరుగు. కాలేజీ, బస్సు, మ్యూజియం, అన్నీ రావాలి. ముఖచిత్రానికి సాలార్‌జంగ్ గంటల గడియారం వేద్దాం. బుధవారం సాయంత్రానికి కాపీ నా బల్ల మీద ఉండాలి."

ఆ గడియారమంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదు. బడి నుంచి ఎక్స్‌కర్షన్‌కి తెచ్చిన మేస్టార్లు పన్నెండు కొట్టేదాకా మమ్మల్ని దాని ముందే కూర్చోబెట్టారు. కొట్టగానే "లేవండి, చార్మినార్" అన్నారు. ఆ రోజు మ్యూజియంలో నేను తీరిగ్గా చూసింది ముందు కూర్చున్నవాడి తలకాయ ఒక్కటే.

మంగళవారం తొమ్మిదిన్నరకు మాసాబ్‌ట్యాంక్ చేరాను. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం అక్కడే. నాతో తిరగడానికి ఒప్పుకున్న అమ్మాయి బీఎఫ్‌ఏ పెయింటింగ్. జనగామ వైపు పల్లె. పేరు మాత్రం రాయొద్దంది. "బొమ్మ మంచిగ లేకుంటే ఊర్ల నవ్వుతరు సార్."

మొదటి క్లాసు లైఫ్ స్టడీ. పంచె కట్టుకున్న పెద్దాయన స్టూలు పక్కన ఒంటికాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. చుట్టూ డాంకీలు. అంటే బోర్డు ఆనించుకుని, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునే బల్లలు. చార్‌కోల్ గీకుతున్న చప్పుడు తప్ప గదిలో మాట లేదు. అమ్మాయి గీసిన మనిషి చక్కగానే ఉన్నాడు. ముక్కు, పంచె మడతలు, చేతి నరాలు కూడా. అయినా ఎందుకో పక్కకి పడిపోయేలా ఉన్నాడు. సార్ వచ్చి చూశారు. ఎర్ర పెన్సిల్ తీసి మెడ గుంటలోంచి నిలువుగా ఒక గీత దించారు. మేస్త్రీ గోడకి తూకం గుండు వేలాడదీసినట్టు. నిజం మనిషికి ఆ గీత బరువు మోసే కాలి మడమ దగ్గర దిగాలి. అమ్మాయి బొమ్మలో ఎక్కడో నేల మీద దిగింది. "బరువు ఏ కాలి మీద ఉంది?" అన్నారు సార్. అంతే, పక్క డాంకీకి వెళ్ళిపోయారు.

ఆ ఎర్ర పెన్సిల్‌ని అమ్మాయి అడిగి తీసుకుంది. నా కథనం అక్కడ మొదలైంది.

తర్వాత కళాచరిత్ర క్లాసు. చీకటి గది, స్లయిడ్లు, ఫ్యాను గాలి. అజంతా వరకు నాకు గుర్తుంది.

టిఫిన్ డబ్బా తినేసి బస్సెక్కాం. అమ్మాయి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఈ సదుపాయం ఉంది. "లేకుంటే నెలకొక్కసారే పోదును మ్యూజియంకి. ఇప్పుడు వారం వారం పోతున్న" అంది. అఫ్జల్‌గంజ్‌లో దిగి, ముక్కు మూసుకుని నయాపూల్ మీద మూసీ దాటి, ఎడమకి తిరిగి నడిచాం.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. నిజాం దగ్గర దివాన్‌గా చేసిన మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్, 1876లో రోమ్‌లో ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ కొన్నాడు. ఆయన మనవడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో దివాన్ అయ్యాడు, 1914లో మానేశాడు. ఆపైన జీవితమంతా వస్తువులు కొంటూనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 1949లో పోయాడు. 1951 డిసెంబరు 16న ఆ కుటుంబం భవంతి దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం ఇచ్చింది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది.

రెబెకా దగ్గర అమ్మాయి ఎక్కువసేపు ఆగలేదు. రాయి మీద పల్చటి ముసుగు ఉన్నట్టు భ్రమ పుట్టించే ఆ పనితనం చూసి జనం నోళ్ళు తెరుస్తారు. నాకు మాత్రం గారడీ చూసినట్టుంటుంది. అమ్మాయికి అదేం వింతగా లేదు. "వానకి మా నాయనమ్మ నెత్తి మీద కొంగు కప్పుకుంటే గిట్లనే అతుక్కుంటది సార్."

నేరుగా వెళ్ళి ఆగింది జంట బొమ్మ ముందు. చెక్కతో చేసిన ఫ్రెంచి శిల్పం, పంతొమ్మిదో శతాబ్దం నాటిది. గేటే రాసిన ఫౌస్ట్ కథలోని వాళ్ళు. ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, బూట్లు తొడుక్కుని ఛాతీ విరుచుకుని ఉంటాడు. వెనక తలొంచుకున్న మార్గరెట్టా. ఇద్దరిదీ ఒకే దుంగ. వెనక పెట్టిన అద్దంలో తప్ప ఆ పిల్ల మనకి కనబడదు.

అమ్మాయి కిందే కూర్చుని ముందు సైతానుని గీసింది. మెడ గుంటలోంచి ఎర్ర గీత దించింది. బూటు దగ్గర చక్కగా దిగింది. తర్వాత అద్దంలోకి చూస్తూ మార్గరెట్టాని మొదలుపెట్టింది. ఇక్కడ చిక్కు వచ్చింది. ఎవరో ఒకరు సెల్ఫీ కోసం వచ్చి అద్దానికి అడ్డం నిలబడుతున్నారు. పేజీ అంచున రెండు వరసల్లో గీతలు పెట్టడం అప్పుడే చూశాను. పాల లెక్కలాగా నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. ఒక వరస పైన "ఫోను" అని, రెండో దాని పైన "ఉత్త కళ్ళు" అని రాసి ఉంది. ఫోను వరస రెండో పేజీలోకి పాకింది. మొత్తం ఎంతని అడిగితే లెక్కపెట్టనంది. నేనూ పెట్టలేదు. అప్పటికే నేను తీసిన ఫొటోలు నాలుగున్నాయి.

మూడు కావస్తుంటే జనమంతా ఒక్కసారి కదిలారు. గడియారంలో గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే వేళ. గది ఖాళీ అయింది. అద్దంలో ఒక్క మార్గరెట్టా మిగిలింది. ఆ గడియారానికి జన్మలో మొదటిసారి దండం పెట్టుకున్నాను. అమ్మాయి చెయ్యి వేగం పెరిగింది. వంచిన మెడ, భుజం, నడుం. మళ్ళీ ఎర్ర పెన్సిల్ తీసి మెడ నుంచి గీత దించింది. మోకాలి ఎత్తు దాకా తెచ్చి ఆపేసింది.

"ఏమైంది?"

"గౌను కింద కాళ్ళు కనబడ్తలేవు సార్. బరువు యాడ దిగుతుందో ఎట్ల చెప్పాలె? అటు సైతానుని, ఇటు ఈ పిల్లని ఒక్క దుంగనే మోస్తుంది. గీత కిందికి తెస్తే అబద్ధం అయితది."

గంట కొట్టాక జనం తిరిగొచ్చారు. ఫోను వరసలో మళ్ళీ గీతలు పడ్డాయి.

కాపీలో పట్టనివి

● ఎడిటర్ గారి కోసం: ఆ గడియారం విడిభాగాలను కూర్చింది కలకత్తాకి చెందిన కుక్ అండ్ కెల్వీ కంపెనీ.

● ముసుగు రెబెకా ప్రపంచంలో ఒక్కటే అనుకుంటాం. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ ఆ బొమ్మను ఒకటి కంటే ఎక్కువే చెక్కాడు. అట్లాంటాలో ఉండే మనవాళ్ళు అక్కడి హై మ్యూజియానికి వెళ్తే ఇంకొకటి చూడొచ్చు.

● నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. జనం తక్కువ, గీసుకోవడానికి హాయి.

● లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి బరోడా వెళ్ళినవారే.

● సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు.

గడియారం ఫొటో పక్కన పెట్టడానికి ఎడిటర్ గారు అరగంట వాదించి ఒప్పుకున్నారు. ఈ వారం ముఖచిత్రం ఆ అమ్మాయి స్కెచ్‌బుక్ పేజీయే. ఎర్ర గీత కింద దాకా రాకుండా ఆగిపోవడం అచ్చుతప్పు కాదు.